వన్స్‌మోర్ నుంచి గ్రేడు పరీక్ష దాకా: మన రంగస్థల పాట కథ

ఏన్కూరులో చదువుకుని విదేశాల్లో స్థిరపడ్డ మనవాళ్ల పిల్లలు కొందరు ఈమధ్య ఒక పరీక్ష కోసం పాటలు సాధన చేస్తున్నారు. దాని పేరు మ్యూజికల్ థియేటర్ సింగింగ్. సంగీత నాటకాల్లోని పాటలను ఆ పాత్రధారిగా నిలబడి పాడే పరీక్ష అది. లండన్ కేంద్రంగా పనిచేసే ఏబీఆర్‌ఎస్‌ఎం, ట్రినిటీ, లామ్డా వంటి సంస్థలు ఇలాంటి పరీక్షలు పెడతాయి. వీటిలో ట్రినిటీ 1872లో, ఏబీఆర్‌ఎస్‌ఎం 1889లో పుట్టాయి. ఒకటో గ్రేడు నుంచి ఎనిమిదో గ్రేడు దాకా మెట్లు ఉంటాయి.

ఏబీఆర్‌ఎస్‌ఎం పెట్టే ఒక రకం పరీక్షలో మొత్తం 150 మార్కులు. నాలుగు పాటలకు తలా 30. మిగిలిన 30 మార్కులు ప్రదర్శన మొత్తం ఎలా సాగిందన్న దానికి. 100 వస్తే ప్యాసు, 120 వస్తే మెరిట్, 130 వస్తే డిస్టింక్షన్. పాట కంఠతా రావాలి. తన గొంతుకు సరిపడే శృతిలో పాడుకోవచ్చు. ఈ పాట ఎవరు పాడుతున్నారు, ఎవరితో, ఏ పరిస్థితిలో అన్నది పాడేవారి ముఖంలో, నిలబడిన తీరులో, మాట విరుపులో కనిపించాలి.

ఈ నియమాలు మనకు కొత్తవేమీ కావు. సర్టిఫికెట్టు లేకపోయినా, మార్కుల కాగితం లేకపోయినా, మన పల్లెల్లో రాయబారం, హరిశ్చంద్ర ఆడినవాళ్లు ఇదే పరీక్షకు రాత్రంతా నిలబడ్డారు. వారి గురువు హార్మోనియం పంతులు, వారి పరీక్షాధికారి నేలమీద చాపేసుకుని కూర్చున్న జనం. ఆ చదువు ఎలా మొదలైంది, ఎలా సాగింది, ఎక్కడ దారి తప్పింది, ఇప్పుడు మన బడి దానితో ఏం చేయొచ్చు అన్నది స్వర్ణోత్సవ వేళ ఒకసారి చెప్పుకోవాలని ఈ వ్యాసం.

నాటకంలోకి పాట ఎలా వచ్చింది

తెరకట్టి ఆడే నాటకం కంటే ముందే తెలుగు పల్లెకు పాటతో కథ చెప్పడం తెలుసు. యక్షగానం, వీధి భాగవతం, తోలుబొమ్మలాట, మన తెలంగాణ పల్లెల్లో చిరుతల రామాయణం, చిందు భాగవతం అన్నీ పాట మీద నడిచేవే. ఆధునిక నాటకం మాత్రం 1880 ప్రాంతంలో ఊపందుకుంది. ఆ రోజుల్లో ధార్వాడ నాటక సమాజం తెలుగు ఊళ్లలో ప్రదర్శనలిచ్చి జనాన్ని ఆకట్టుకుంది. 1880లోనే కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో తన విద్యార్థులతో ‘వ్యవహార ధర్మబోధిని’ ఆడించారు. అంటే తెలుగు నాటకానికి తొలి నటులు బడిపిల్లలే.

పాటకు, పద్యానికి నాటకంలో పెద్దపీట వేసినవారు బళ్లారి వకీలు ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912). సరసవినోదినీ సభ పేరుతో సమాజం పెట్టి, ‘చిత్రనళీయం’తో మొదలుపెట్టి వరసగా నాటకాలు రాసి ఆడించారు. ఆయన్ని ఆంధ్ర నాటక పితామహుడన్నారు. రాగం తెలిసినవాడే రాజవేషానికి అర్హుడన్న ఆలోచన అప్పటినుంచి బలపడింది. ఆ తర్వాత తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్యహరిశ్చంద్ర’, ముత్తరాజు సుబ్బారావు ‘శ్రీకృష్ణ తులాభారం’ వచ్చేసరికి పద్యమే నాటకానికి ప్రాణమైంది.

బడికి సంబంధించిన ఇంకో సంగతి ఉంది. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే ఉపాధ్యాయుడు నాటకాలాడించేవారు. ఆయన కోసం చిలకమర్తి లక్ష్మీనరసింహం నాటకాలు రాశారు. ఆ నాయుడుగారి చేతికింద చదువుకుంటూ వేషాలు కట్టిన ఒక పేద విద్యార్థి తర్వాత బారిస్టరయ్యాడు, 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యాడు. ఆయనే టంగుటూరి ప్రకాశం. అదే రోజున వరంగల్ నుంచి విడిపోయి మన ఖమ్మం జిల్లా కూడా పుట్టింది. వేషం కట్టి నలుగురి ముందు గొంతు విప్పడం నేర్చినవాడికి ఆ ధైర్యం కోర్టులో, సభల్లో కూడా పనికొస్తుందనడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

సురభి వారి మెట్లు

గ్రేడులు అనే మాట వాడకుండానే గ్రేడుల పద్ధతి నడిపినవారు సురభి కుటుంబాలు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’ ఆడటంతో వారి నాటక ప్రస్థానం మొదలైంది. వనారస గోవిందరావు దాన్ని కుటుంబ వృత్తిగా నిలబెట్టారు. మగవాళ్లే ఆడవేషాలు కట్టే కాలంలో సురభిలో ఆడవారి వేషాలు ఆడవారే వేశారు.

సురభి బిడ్డకు బడి, ఇల్లు, రంగస్థలం ఒకటే. నడక వచ్చిన పిల్లవాడు ముందు బాలకృష్ణుడుగా తెరముందుకొస్తాడు. అప్పటికి పాట ఉండదు, నిలబడటం ఉంటుంది. కాస్త ఎదిగితే లోహితాస్యుడు, ప్రహ్లాదుడు. ఇవి చిన్న పద్యాలు, చిన్న మాటలు. కానీ ఎదుట హిరణ్యకశిపుడు గర్జిస్తుంటే శృతి తప్పకుండా పాడాలి. ఆ తర్వాత సఖులు, సేవకులు, నారదుడు. చివరికి హరిశ్చంద్రుడు, చంద్రమతి, కృష్ణుడు, మాయలఫకీరు. ఒక్కో వేషం ఒక్కో మెట్టు. పై మెట్టుకు వెళ్లినవాడు కింది మెట్టు వాడికి పక్కనుంచి మాట అందిస్తాడు. పాఠం చెప్పే పని, పాఠం నేర్చే పని ఒకే రాత్రి ఒకే తెర వెనక జరుగుతాయి.

ఈ బడిలో చదివినవారు ఎంతదూరం వెళ్లారో చూడండి. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి వేసింది సురభి కమలాబాయి. ఈలపాట రఘురామయ్యగా పేరుపొందిన కల్యాణం రఘురామయ్య కూడా సురభి నుంచి వచ్చినవారే. 1975లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 1937లో మొదలైన సురభి శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని మన కాలం దాకా నడిపిన ఆర్. నాగేశ్వరరావు, అదే సురభి బాబ్జీ, 2013లో పద్మశ్రీ అందుకున్నారు.

హార్మోనియం పంతులుగారి పద్ధతి

సురభి వంటి కుటుంబం లేని ఊళ్లకు గురువు బయటినుంచి రావాలి. ఆయనే హార్మోనియం పంతులు. పంటలు ఇంటికొచ్చాక ఊళ్లో పదిమంది కూడి ఆయన్ని పిలిపించుకునేవారు. ఒకరింట్లో బస, ఇంకొకరింట్లో భోజనం. శివరాత్రికో, శ్రీరామనవమికో నాటకం. అప్పటిదాకా రోజూ రాత్రి రిహార్సలు. ఖమ్మం జిల్లాకు కృష్ణా జిల్లా పొరుగు కావడం కూడా కలిసొచ్చింది. అక్కడి మైలవరం జమీందారు పోషణలో బాలభారతీ నాటక సమాజం వెలిగింది. ‘మైలవరం కంపెనీ’ అని దాన్ని చెప్పుకునేవారు.

నేను పదో తరగతిలో ఉండగా మన బడి వార్షికోత్సవానికి రాయబారం సీను వేశాం. పొరుగూరి నుంచి వచ్చిన పంతులుగారు మొదటి నాలుగు రోజులు హార్మోనియం మూత తీయనే లేదు. “పద్యం తర్వాత సంగతి నాయనా. ముందు అది మాటలాగా చెప్పు. ఎదురుగా కూర్చున్నది దుర్యోధనుడు. వాడికి అర్థం కావాలి గదా,” అనేవారు. ఐదో రోజున శృతి పట్టుకున్నారు. ఆయన చెప్పిన క్రమం ఇప్పటికీ నాకు వరసగా గుర్తుంది. తర్వాత చాలామంది రంగస్థల నటులను కలిశాక అది ఆయన ఒక్కరి పద్ధతి కాదని, ఆ విద్యకే వెన్నెముక అని తెలిసింది.

మొదటి పని పదాలు విడగొట్టడం. సమాసం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియకపోతే గొంతు ఎంత బాగున్నా పద్యం చితికిపోతుంది. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, యతి పదో అక్షరం దగ్గర. చంపకమాలలో 21 అక్షరాలు, యతి పదకొండో అక్షరం దగ్గర. శార్దూలానికి 13, మత్తేభానికి 14. కొత్తవాళ్లు యతి దగ్గర ఆగాలనుకుని అక్కడ ఊపిరి తీస్తారు, మాట రెండు ముక్కలవుతుంది. తెలుగులో యతి అంటే అక్షరాల మైత్రి. అక్కడ ఆగమని ఎవరూ చెప్పలేదు. ఊపిరి అర్థాన్ని బట్టి తీసుకోవాలి.

రెండోది శృతి. మైకులు లేని కాలంలో వెనక వరసలో బండి మీద కూర్చున్నవాడికి కూడా వినబడాలని నటులు హెచ్చు శృతిలో పాడేవారు. మగగొంతుకు ఒకటి శృతిలో షడ్జమం అంటే సెకనుకు సుమారు 131 కంపనాలు. నాలుగు శృతిలో అది సుమారు 175. అంటే మూడో వంతు ఎక్కువ. తారస్థాయి షడ్జమం అందుకోవాలంటే 350 దాకా వెళ్లాలి. రాత్రి పది నుంచి తెల్లవారేదాకా ఇలా పాడటం కండబలంతో కూడిన పని.

మూడోది రాగం. వీరానికి, శాంతానికి, శోకానికి రాగాలు వేరు. మోహన, కల్యాణి, హిందోళం, కానడ, సింధుభైరవి వంటివి రంగస్థలం మీద బాగా తిరిగాయి. పద్యానికి తాళం లేదు కనుక నటుడు ఎంతసేపు ఎక్కడ నిలుస్తాడో హార్మోనిస్టు కనిపెట్టి వెంట నడవాలి. పాటకు తాళం ఉంది కనుక అక్కడ తబలాను నటుడు వదలకూడదు. ఒకే సీనులో ఈ రెండూ వస్తాయి. అందుకే నటుడికి, హార్మోనిస్టుకు రోజుల తరబడి జంట సాధన కావాలి.

నాలుగోది ఎత్తుగడ. మాట్లాడుతున్నవాడు ఉన్నట్టుండి ఎందుకు పద్యం ఎత్తుకున్నాడు? మాట చాలనంత కోపమో, దుఃఖమో, వేడుకో వచ్చింది కనుక. ఆ చివరి మాటలోనే పద్యం శృతి వినబడాలి. అతుకు కనిపించకుండా మాటలోంచి పద్యంలోకి జారడమే అసలు కష్టం. లండన్ పరీక్షాధికారి ప్రదర్శన మొత్తానికని విడిగా పెట్టుకున్న 30 మార్కులు మన పంతులుగారి లెక్కలో ఇక్కడ పడేవి.

జనం పెట్టిన పరీక్ష

ఇక ఫలితాలు. అవి అక్కడికక్కడే తెలిసేవి. పద్యం నచ్చితే ‘వన్స్‌మోర్’ అని కేకలు, ఈలలు, వేదిక మీదికి నోట్లు. నచ్చకపోతే చాపలు దులుపుకుని లేచిపోవడం. పల్లెటూరి ప్రేక్షకుడికి పద్యాలు కంఠతా వచ్చు కాబట్టి అక్షరం తప్పినా పట్టుకునేవాడు. రాగం తప్పితే నవ్వేవాడు. ఇంత తెలిసిన పరీక్షాధికారులు ఏ బోర్డుకూ దొరకరు.

అయితే ఈ పరీక్షలో ఒక లోపం ఉంది. అది గొంతుకు మార్కులు ఎక్కువ వేసి, పాత్రకు తక్కువ వేసేది. కొడుకు శవం ముందు నిలబడి ఏడుస్తున్న హరిశ్చంద్రుడు వన్స్‌మోర్ కేకకు కళ్లు తుడుచుకుని, జనానికి దండం పెట్టి, అదే పద్యం మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంటే ఆ దుఃఖం ఏమైనట్టు? రాగం సాగదీసిన కొద్దీ చప్పట్లు, చప్పట్లు వచ్చిన కొద్దీ రాగం. గొంతు ఒక్కరికి రాత్రంతా చాలదని ఒకే పాత్రను ఇద్దరు ముగ్గురికి పంచడం కూడా రివాజైంది. పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు. వారణాసిలో ఒక హరిశ్చంద్రుడు, కాటి సీనులో మరో హరిశ్చంద్రుడు. జనం ఎవరు బాగా పాడారని పోల్చుకున్నారు. కథ వెనక్కి పోయింది.

దీన్ని గట్టిగా ఎదిరించినవారు బళ్లారి రాఘవ (1880–1946). ఆయన స్వయానా ధర్మవరం రామకృష్ణమాచార్యుల మేనల్లుడు. మేనమామ నాటకంలో పాటకు పీట వేస్తే, మేనల్లుడు ఆ పాట నాటకాన్ని మింగేస్తోందని చెప్పారు. పద్యాన్ని సాగదీయకుండా భావం తెలిసేలా చెప్పాలన్నది ఆయన పట్టు. ఈ మామా అల్లుళ్లలో ఎవరిది ఒప్పు అని ఇప్పటికీ వాదించుకోవచ్చు. నా మటుకు ఇద్దరూ కావాలనిపిస్తుంది. పాట లేకపోతే మన నాటకానికి జనం లేరు. పాత్ర లేకపోతే ఆ జనం విన్నది కచేరీ అవుతుంది.

ఆ రెంటినీ కలిపి చూపినవారూ ఉన్నారు. బాపట్లకు చెందిన స్థానం నరసింహారావు (1902–1971) ఆడవేషాలకు పెట్టింది పేరు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. తులాభారంలో సత్యభామ పాడే ప్రసిద్ధమైన పాటను ఆయనే రాసుకుని చేర్చారు. సత్యభామ గర్వం చూపడానికి ఆ ఘట్టంలో తనకు ఎలాంటి పాట కావాలో నటుడే గుర్తించాడు. 1966లో వచ్చిన సినిమాలోనూ ఆ పాట చేరింది. అలాగే హరిశ్చంద్ర కాటి సీనులో గుర్రం జాషువా శ్మశానంపై రాసిన పద్యాలు చేరిపోయాయి. బలిజేపల్లి నాటకంలో జాషువా పద్యాలేమిటని జనం అడగలేదు. ఆ పాత్ర నోట, ఆ చోట అవి అంతగా అమరాయి. అంటరానితనాన్ని అనుభవించిన కవి మాటలు, కాటికాపరిగా మారిన రాజు నోట పలకడంలో ఉన్న న్యాయం పల్లె ప్రేక్షకుడికి ఎవరూ విడమరచి చెప్పకుండానే తెలిసింది. పాటల ఎంపిక అంటే ఇదీ.

ప్లేటు, మైకు, రేడియో

యంత్రాలు వచ్చి ఈ విద్యను ఎలా మార్చాయో చూడటం నాలాంటి ఇంజనీరుకు ఆసక్తికరం. గ్రామఫోను ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరిగేది. పది అంగుళాల ప్లేటుకు ఒక్కో వైపు మూడు నిమిషాలకు మించి పట్టదు. రంగస్థలం మీద పావుగంట సాగే పద్యాన్ని నటుడు మూడు నిమిషాలకు కుదించాల్సి వచ్చింది. ఆ కుదింపు మేలే చేసింది. రాఘవ చెప్పినా వినని పొదుపును ప్లేటు నేర్పింది. పంతులు రాలేని ఊళ్లకు ప్లేటే పంతులైంది. కానీ ప్లేటు విన్నవాళ్లు ఆ నటుడి గొంతునే అనుకరించారు. ఆయన శృతి తమకు అందుతుందో లేదో చూసుకోలేదు.

హార్మోనియం కథ ఇంకో రకం. దాని మెట్ల మీద స్థాయిని 12 సమాన భాగాలు చేసి స్వరాలు బిగించారు. షడ్జమం 130.8 అనుకుంటే శుద్ధమైన అంతర గాంధారం 163.5 కావాలి. హార్మోనియం మీద 164.8 పలుకుతుంది. తేడా చిన్నదే, కానీ చెవి తెలిసినవారికి గుచ్చుకుంటుంది. పైగా దాని మీద గమకం పలకదు. ఈ కారణాలతోనే ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. 1971లో గానీ ఆ నిషేధం సడలలేదు. రేడియోలో చోటు లేని ఆ పెట్టె మన పల్లె నాటకానికి మాత్రం మహారాజుగానే ఉంది. ఎడ్లబండి మీద ప్రయాణించినా శృతి చెడదు, వేలమంది మధ్య వినబడుతుంది. పనిముట్టు గొప్పదా కాదా అన్నది దాన్ని వాడే చోటును బట్టి ఉంటుంది.

మైకు వచ్చాక హెచ్చు శృతి అవసరం పోయింది. మెల్లగా, మాట్లాడినట్టుగా పాడే వీలు కలిగింది. అయినా పాత అలవాటు చాలాకాలం పోలేదు. మైకు ముందు నిలబడి మైదానానికి అరిచినట్టే పాడి గొంతులు పాడుచేసుకున్నవారు ఉన్నారు.

సర్టిఫికెట్టు దారి

సంగీతానికి మన దగ్గర సర్టిఫికెట్టు లేకపోలేదు. 1919లో విజయనగరంలో మహారాజా వారు సంగీత కళాశాల పెట్టారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి ప్రిన్సిపాల్. ఘంటసాల చదివింది అక్కడే. ఆయన సినిమాల్లో పాడిన పద్యాలు ఇంటింటికీ చేరాయి. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ సంగీత కళాశాలలున్నాయి. సర్టిఫికెట్, డిప్లొమా పరీక్షలున్నాయి. ఆ చదువుకు కేంద్రం కర్ణాటక సంగీతం. సరళీ స్వరాలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు, కృతులు అనే మెట్లు అందులో చక్కగా ఉన్నాయి. అక్కడ పరీక్షించేది గాయకుణ్ణి. పాత్రగా మారి పాడేవాణ్ణి పరీక్షించే పని నాటక పోటీలకు వదిలారు. 1998లో ప్రభుత్వం మొదలుపెట్టిన నంది నాటకోత్సవాల్లో పద్యనాటకానికి విడిగా విభాగం ఉండటం ఆ కళకు కొంత ఊపిరి పోసింది. కానీ పోటీకి వచ్చేది పూర్తిగా తయారైన సమాజం. ఆరో తరగతి పిల్లవాడు మొదటి అడుగు ఎక్కడ వేయాలి అన్న ప్రశ్నకు అక్కడ జవాబు లేదు. సురభి ఇంట్లో పుట్టని పిల్లవాడికి మెట్లు లేవు.

ఈ రోజు పిల్లలు ఎలా తయారుకావాలి

పాత పంతులుగారి క్రమాన్ని, ఇప్పటి గ్రేడు పరీక్షల క్రమాన్ని పక్కపక్కన పెడితే పిల్లలకు పనికొచ్చే పద్ధతి ఒకటి దొరుకుతుంది.

పాట ఎంచుకునేటప్పుడు వయసు చూడాలి. పన్నెండేళ్ల పిల్లకు లోహితాస్యుడి మాట నప్పినట్టు కాటికాపరి దుఃఖం నప్పదు. మూడు అంశాలు ఎంచుకుంటే మూడూ మూడు రకాలుగా ఉండాలి. ఒకటి వీరం, ఒకటి శోకం, ఒకటి తాళంతో నడిచే పాట. మూడూ దుఃఖమే అయితే వినేవారికి ఒకటే విన్నట్టుంటుంది.

శృతి తనదై ఉండాలి. పదమూడు పదిహేనేళ్ల మధ్య మగపిల్లల గొంతు మారుతుంది. ఆ ఏడాది పెద్ద నటుల రికార్డు శృతిలో పాడించడం హింస. అవసరమైతే రెండు మెట్లు దించాలి, ఇంకో ఏడాది ఆగాలి. పద్యం ఎక్కడికీ పోదు, గొంతు పోతే రాదు.

పద్యాన్ని ముందు తన మాటల్లో చెప్పగలగాలి. ఎవరు, ఎవరితో, ఎందుకు అన్న మూడు ప్రశ్నలకు జవాబు రాకపోతే రాగం మొదలుపెట్టకూడదు. ఆ తర్వాత కంఠతా పట్టాలి, శృతిలో పెట్టాలి, చివరగా అడుగు, చూపు, చెయ్యి. పద్యం ముగిశాక కూడా రెండు క్షణాలు ఆ పాత్రగానే నిలబడాలి. పాడటం అయిపోగానే పిల్లలు చటుక్కున నవ్వేస్తారు, తల దించేస్తారు. అక్కడిదాకా కట్టిన ఇల్లు అక్కడ కూలిపోతుంది.

మన బడి చేయగలిగిన పని

స్వర్ణోత్సవ సందర్భంగా భవనాలకు, కంప్యూటర్లకు చందాలు వేసుకుంటున్నాం. మంచిదే. దానితోపాటు ఏటా ఒక రంగస్థల పద్య పరీక్ష పెట్టమని సంఘానికి నా ప్రతిపాదన. మూడు మెట్లు చాలు. మొదటి మెట్టు ఆరు, ఏడు తరగతులకు: ఒక శతక పద్యం తప్పు లేకుండా చెప్పి, అర్థం తన మాటల్లో వివరించడం. రెండో మెట్టు ఎనిమిది, తొమ్మిది తరగతులకు: రెండు నాటక పద్యాలు, రెండు వేర్వేరు భావాలతో. మూడో మెట్టు పదో తరగతికి, ఇష్టమున్న పూర్వ విద్యార్థులకు: ఐదు నిమిషాల సీను, అందులో మాట, పద్యం, పాట మూడూ. ఉచ్చారణకు 25, శృతికి 25, భావానికి 25, సందర్భానికి 25 మార్కులు.

మన బడిలో కోయ పిల్లలున్నారు, లంబాడా పిల్లలున్నారు. వారిళ్లలో పెళ్లికి, పండక్కి, పంటకు వేర్వేరు పాటలున్నాయి. ఎవరైనా తన ఇంటి పాట తెచ్చి, అది ఎవరు ఎవరికోసం ఎప్పుడు పాడతారో చెప్పి, అలాగే పాడితే ఏ మెట్టులోనైనా పద్యంతో సమానంగా లెక్కించాలి. సందర్భం తెలిసి పాడటమే పరీక్ష అయినప్పుడు వారు మనకంటే ముందున్నారు.

ఇది వెంటనే చేయాల్సిన పని. మన చుట్టుపక్కల ఊళ్లలో ఈ విద్య తెలిసిన హార్మోనిస్టులు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది మిగిలారు, వారూ వయసు మీదపడినవారే. ఏ పద్యానికి ఏ ఎత్తుగడ, ఏ మాట దగ్గర శృతి అందించాలి అన్నది వాళ్ల వేళ్లలో ఉంది, ఏ పుస్తకంలోనూ లేదు. ఇంకోవైపు, తెలుగు మాట్లాడే పిల్లలే తెలుగు పద్యం చదవలేక తడబడుతున్నారు. ఆ వృద్ధుల్ని, ఈ పిల్లల్ని వారానికి రెండు సాయంత్రాలు ఒక గదిలో కూర్చోబెడితే రెండు పనులూ జరుగుతాయి. వారికి గౌరవప్రదమైన పారితోషికం, రాకపోకల ఖర్చు, ఒక హార్మోనియం, ఒక తబలా జత. అయ్యే ఖర్చు మనం ఆత్మీయ సమ్మేళనంలో ఒక పూట భోజనాలకు పెట్టేదానికంటే ఎక్కువ కాదు. పాఠాలను సెల్‌ఫోనుతో రికార్డు చేసి దాచే బాధ్యత మా బ్యాచ్ తీసుకుంటుంది. హార్మోనియం కొనే బాధ్యత కూడా మాదే. మిగతా బ్యాచ్‌ల వారు గురువులను వెతికే పనిలో సాయపడండి. మీ ఊళ్లో పాత నాటక సమాజంలో ఆడినవారు, వాయించినవారు ఎవరున్నా సంఘం కార్యదర్శికి తెలియజేయండి. వచ్చే శ్రీరామనవమికి మొదటి మెట్టు పిల్లలు మన బడి వేదిక మీద నిలబడి గొంతు విప్పాలి.